పనిలో పుట్టిన చదువు

నంద్యాల నుండి గుంటూరు వైపు సాగే రైలు గాజులపల్లె దాటగానే నల్లమల అడవిలో ప్రవేశిస్తుంది. కొండలను, లోయలను దాటి దిగువమెట్ట మీదుగా గిద్దలూరు, కంభం చేరుతుంది. ఆ కంభం, గిద్దలూరు సీమలోనే మోక్షగుండం అనే చిన్న పల్లె ఉన్నది. ఒకప్పుడు ఈ సీమ కర్నూలు జిల్లాలోని భాగమే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అది అందులో చేరింది. ఈ పల్లె పేరు దేశమంతటా వినబడటానికి కారణం అక్కడి నుండి శతాబ్దాల క్రితం మైసూరు రాజ్యానికి వలస వెళ్లిన ఒక తెలుగు కుటుంబం. ఆ కుటుంబం ఊరిని విడిచినా ఊరి పేరును విడువలేదు. ఆ యింట పుట్టినవారే భారతరత్న మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

ఆనకట్టలు, జలాశయాలు, వంతెనలు అనగానే విశ్వేశ్వరయ్య గుర్తుకు రావడం సహజం. అయితే రాళ్లతో, సున్నంతో కట్టిన కట్టడాలతో సమానంగా ఆయన మనసు పెట్టిన కట్టడం మరొకటి ఉన్నది. అది పనికి పనికివచ్చే చదువు. దేశానికి ఏ పని అవసరమో తెలుసుకొని, ఆ పని చేయగల చేతులను, ఆ పనిని నడిపించగల బుద్ధిని ఒకేచోట తయారు చేయాలని ఆయన జీవితమంతా ప్రయత్నించారు. ఆ ప్రయత్నం ఎల్లవేళలా ఫలించలేదు. ఫలించని చోట ఆయన ఏమి చేశారన్నదే ఈ జీవితంలో ముఖ్యంగా తెలుసుకోదగిన విషయం.

సిపాయిల తిరుగుబాటు అణగిన కొద్ది యేండ్లకు, సెప్టెంబరు 15వ తేదీన, చిక్కబళ్లాపురం సమీపంలోని ముద్దెనహళ్లిలో విశ్వేశ్వరయ్య జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మ. కన్నడ దేశంలో స్థిరపడినా వారి యింటి భాష తెలుగే. విశ్వేశ్వరయ్య చిన్నతనంలోనే తండ్రి కర్నూలులో కన్నుమూశారు. ఆ విధంగా పూర్వులు బయలుదేరిన సీమలోనే ఆ కుటుంబానికి తీరని దుఃఖం కలిగింది. ఇంటిపెద్ద లేని ఆ కుటుంబం తిరిగి ముద్దెనహళ్లికి చేరుకున్నది.

చిక్కబళ్లాపురంలో ప్రాథమిక విద్య ముగించుకొని విశ్వేశ్వరయ్య బెంగుళూరు వెళ్లారు. చదువుకు డబ్బు లేదు. కొడగుకు చెందిన ఒక అధికారి పిల్లలకు పాఠాలు చెప్పి, ఆ ఆదాయంతో సెంట్రల్ కళాశాలలో బి.ఎ. చదివారు. ఇతరులకు చదువు చెబుతూ తాను చదువుకోవడం ఆ రోజులలో పేద విద్యార్థులకు కొత్త కాదు. కళాశాల ప్రధానాచార్యులైన చార్లెస్ వాటర్స్ ఆయన గణిత ప్రతిభను గుర్తించి ఎంతో ప్రోత్సహించారు. మైసూరు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థివేతనంతో విశ్వేశ్వరయ్య పూనాలోని సైన్సు కళాశాలలో ఇంజనీరింగు చదువుకు చేరారు.

ఈ పూనా కళాశాల పుట్టుక గురించి ఇక్కడ కొంత చెప్పవలసి ఉన్నది. అది మొదట కళాశాలగా పుట్టలేదు. దేశంలో రైలుమార్గాలు, వంతెనలు, కాలువలు ముమ్మరంగా నిర్మాణమవుతున్న రోజులలో పనులను పర్యవేక్షించగల క్రిందిస్థాయి ఉద్యోగులు ప్రభుత్వానికి కావలసి వచ్చారు. వారిని తయారు చేయడానికి 1854లో అక్కడ ఒక ఇంజనీరింగు తరగతిని, యంత్రవిద్యా పాఠశాలను ప్రారంభించారు. అది పెరిగి కళాశాల అయినది. అనగా ఆ విద్యాలయానికి పునాది పుస్తకం కాదు, పని. అయితే ఆ పనిని నిర్ణయించినది ప్రభుత్వమే. తన క్రింద పనిచేసే సహాయకులే దానికి కావలసినవారు. ఈ రెండు విషయాలూ విశ్వేశ్వరయ్య జీవితంలో చివరి వరకు వెన్నంటి వచ్చాయి. ఒకదానిని ఆయన అందిపుచ్చుకున్నారు, మరొకదానితో పోరాడారు.

1883లో ఇంజనీరింగు పరీక్షలో ఆయన ప్రథముడిగా నిలిచారు. మరుసటి సంవత్సరం బొంబాయి ప్రభుత్వపు పబ్లిక్ వర్క్స్ శాఖలో సహాయ ఇంజనీరుగా చేరారు. ఖాందేశ్ ప్రాంతంలో ఒక నదీపాయ అడుగు నుండి గొట్టాల ద్వారా నీటిని అవతలి ఒడ్డుకు చేర్చే సైఫన్ నిర్మాణం ఆయనకు అప్పగించిన తొలి పనులలో ఒకటి. వర్షాకాలం వచ్చింది. వరద వచ్చినప్పుడల్లా తవ్విన గోతిని ఇసుక కప్పివేసేది. వర్షాలు తగ్గేవరకు పనిని ఆపుదామని ఆయన పై అధికారికి వ్రాశారు. ఆ అధికారికి అది క్రమశిక్షణ లేనివాని మాటగా తోచింది. యువ ఇంజనీరు మారు మాట్లాడక, ఆ వరదల మధ్యనే ఉపాయాలు వెదకి పనిని పూర్తి చేశారు. పై అధికారి తరువాత ఆయనను మెచ్చుకున్నారు. పరీక్షలో ప్రథమస్థానం వచ్చినవానికి నది మరొక పరీక్ష పెట్టిందన్నమాట.

అటువంటి పరీక్షలు తరువాత ఎన్నో వచ్చాయి. సింధు రాష్ట్రంలోని సుక్కూరు పట్టణానికి మంచినీటి ఏర్పాటు చేయడానికి ఆయనను పంపారు. సింధునది నీరు బురదమయం. నీటిని వడగట్టే తొట్లను కట్టించడానికి పురపాలక సంఘం వద్ద ధనం లేదు. ఒడ్డుకు సమీపంలో నదీగర్భంలోనే బావి తవ్వించి, ఇసుక పొరల గుండా ఊరి వచ్చే తేట నీటిని సేకరించి ఆయన ఊరికి అందించారు. నది ఇసుకే అక్కడ వడపోత యంత్రమైనది. 1895 నాటికి ఆ పని పూర్తయింది. పూనా సమీపంలోని ఖడక్‌వాస్లా జలాశయంలో నీరు చాలక ఇబ్బంది కలిగినప్పుడు ఆనకట్ట ఎత్తు పెంచకుండానే నిలువను పెంచే మార్గాన్ని ఆలోచించారు. వరద మట్టం పెరగగానే తమంతట తామే తెరుచుకొని, తగ్గగానే మూసుకొనే తలుపులను రూపొందించారు. 1903లో వాటిని అక్కడ అమర్చారు. ఆ రూపకల్పనకు హక్కు పొందినా, ఉద్యోగిగా చేసిన పనికి ప్రతిఫలం తీసుకోవడం తగదని దానిపై వచ్చే ధనాన్ని ఆయన స్వీకరించలేదు.

నీటిని అందించడం ఎంత ముఖ్యమో దానిని వాడుకొనేవాని అవసరాన్ని తెలుసుకోవడం అంత ముఖ్యం. ఈ సంగతి నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. 1860వ దశకంలో ఒక ఆంగ్లేయ కంపెనీ తుంగభద్రపై సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి, అక్కడి నుండి కర్నూలు కడప కాలువను తవ్వించింది. పొలాలకు నీరు, పడవలకు దారి రెండూ లభిస్తాయని, లాభాలు పండుతాయని కంపెనీ ఆశించింది. కాని కుందూ లోయలోని నల్లరేగడి నేలలలో జొన్న, పత్తి వంటి మెట్టపైరులు వేసుకొనే రైతులు ఆ నీటిని కొనడానికి ముందుకు రాలేదు. నేల స్వభావాన్ని, సేద్యపు అలవాటును ముందుగా విచారించకపోవడమే ఇందుకు కారణం. కంపెనీ నష్టాల పాలయింది. 1882లో ప్రభుత్వం కాలువను కొనివేసింది. క్రమంగా అదే కాలువ క్రింద వరిసాగు విస్తరించి, నంద్యాల బియ్యానికి పేరు వచ్చింది. కాలువ మారలేదు. దానిని వాడుకొనే విధానం మాత్రం ఒకటి రెండు తరాలు గడిచిన తరువాత గాని ఏర్పడలేదు.

విశ్వేశ్వరయ్యకు పూనా ప్రాంతపు కాలువల వద్ద ఇందుకు భిన్నమైన సమస్య ఎదురయింది. అక్కడ కొందరు రైతులు చెరకుకు అవసరానికి మించి నీరు పెట్టి నేలను పాడు చేసుకుంటున్నారు. కాలువ చివర ఉన్నవారికి నీరు అందడం లేదు. ఆయన పొలాలను విభాగాలుగా ఏర్పరచి, ఒక్కొక్క విభాగంలో చెరకు, వరి, ఆరుతడి పైరులు వంతులవారీగా మారేటట్లు ఒక పద్ధతిని ప్రతిపాదించారు. రైతులు మొదట వ్యతిరేకించారు, పత్రికలు విమర్శించాయి. ఆయన వారి వద్దకు వెళ్లి, వారి సందేహాలు విని, పద్ధతిని వివరించారు. ఇంజనీరు లెక్కలతో పాటు మనుష్యులను కూడా చదవాలనే పాఠం ఏ కళాశాలలోనూ ఆయనకు చెప్పలేదు. అది కాలువ గట్టు మీద నేర్చుకున్నదే.

1898లో ఆయన జపాను వెళ్లారు. కొద్ది దశాబ్దాలలో ఆ చిన్న దేశం పరిశ్రమలను ఎట్లా పెంచుకున్నదో, పాఠశాలకు కర్మాగారానికి మధ్య ఎటువంటి సంబంధాన్ని ఏర్పరచుకున్నదో శ్రద్ధగా పరిశీలించారు. ఆ పర్యటన ప్రభావం ఆయన తరువాతి ఆలోచనలన్నింటిలోనూ కనిపిస్తుంది.

బొంబాయి ఉద్యోగం నుండి 1908లో విరమించుకొని విదేశాలలో పర్యటిస్తుండగా హైదరాబాదు నుండి పిలుపు వచ్చింది. ఆ సంవత్సరం సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరాన్ని ముంచెత్తింది. వేలమంది ప్రాణాలు కోల్పోయారు. 1909లో ఆయన నగరానికి వచ్చి, వరద నీటిని ఎగువనే నిలిపివేసే జలాశయాలను సూచించారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఆ సూచనల ఫలితమే. ఈ కథ తెలుగువారికి సుపరిచితమే గనుక ఇక్కడ విస్తరించడం లేదు.

అదే సంవత్సరం చివర మైసూరు సంస్థానంలో ప్రధాన ఇంజనీరు పదవిని స్వీకరించారు. ఆ పదవిని అంగీకరించే ముందు పరిశ్రమలను, సాంకేతిక విద్యను పెంపొందించే అవకాశం తనకు లభిస్తుందా అని ఆయన విచారించారు. 1911లో కావేరిపై కృష్ణరాజసాగర నిర్మాణం ప్రారంభమయింది. 1912లో ఆయన దివాను అయ్యారు. ఆ కాలంలో ఏర్పడిన మైసూరు ఆర్థిక సమావేశం అనే సంస్థ వ్యవసాయం, పరిశ్రమలు, విద్య అనే మూడింటిని విడదీయరానివిగా భావించి పనిచేసింది. యంత్రవిద్యా పాఠశాల, వ్యవసాయ పాఠశాల, చందన తైల కర్మాగారం, సబ్బుల కర్మాగారం, బ్యాంకు ఒకదాని తరువాత ఒకటి వెలిశాయి. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగుళూరు ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి. అంతవరకు మైసూరు యువకులు ఇంజనీరింగు చదవాలంటే ఆయనవలెనే పూనాకో, మద్రాసుకో పోవలసి వచ్చేది. సివిల్, మెకానికల్ శాఖలలో ఇరవైమంది విద్యార్థులతో ఆ కళాశాల మొదలయింది.

1918 చివర ఆయన దివాను పదవిని వదలుకున్నారు. వెనుకబడిన వర్గాలకు ఉద్యోగాలలో ప్రత్యేక అవకాశం కల్పించాలన్న మహారాజు నిర్ణయంతో ఆయన ఏకీభవించలేదు. విద్యను అందరికీ విస్తరింపజేస్తే ఉద్యోగాలలో సమానత దానంతట అదే వస్తుందని ఆయన తలంచారు. తరతరాలుగా బడి గుమ్మం తొక్కనివారికి అంతకాలం ఆగమని చెప్పడం ఎంతవరకు న్యాయమన్న ప్రశ్న నాడే తలెత్తింది. ఈ విషయంలో చరిత్ర మహారాజు వైపే మొగ్గిందని చెప్పక తప్పదు. మహనీయుని జీవితమైనంత మాత్రాన ఈ అభిప్రాయభేదాన్ని దాచనవసరం లేదు.

పదవి పోయినా పట్టుదల పోలేదు. బొంబాయి ప్రభుత్వం సాంకేతిక, పారిశ్రామిక విద్యను పరిశీలించడానికి 1921లో ఒక సంఘాన్ని నియమించి ఆయనను అధ్యక్షునిగా చేసింది. అక్కడ అసలు వివాదం బయటపడింది. ఈ దేశంలో సాంకేతిక విద్య ఎవరిని తయారు చేయాలి? చెప్పిన పనిని చేసే సహాయకులనా, లేక పరిశ్రమలను స్వయంగా స్థాపించి నడపగలవారినా? భారతీయ సభ్యులు, ఆంగ్లేయ సభ్యులు ఒకే అభిప్రాయానికి రాలేకపోయారు. విశ్వేశ్వరయ్య, ఆయనతో ఏకీభవించినవారు ఉన్నతస్థాయి సాంకేతిక విద్యను కోరారు. ప్రభుత్వం వారి ప్రతిపాదనలను అమలు పరచలేదు. పూనా కళాశాల పుట్టుకలో ఉన్న పరిమితి ఏమిటో ఈ ఘట్టంలో స్పష్టంగా తెలుస్తుంది. అవసరాన్ని నిర్ణయించే అధికారం పరాయివాని చేతిలో ఉన్నంతకాలం, అవసరానికి తగిన చదువు అంటే అతని అవసరానికి తగిన చదువే.

కాగితం మీద ఓడిపోయిన ఆ వాదాన్ని విశ్వేశ్వరయ్య కొలిమి దగ్గర గెలిపించారు. షిమోగా ప్రాంతంలోని భద్రావతిలో మైసూరు ప్రభుత్వం ఇనుప కర్మాగారం స్థాపించింది. అక్కడ బొగ్గు గనులు లేవు. అడవి కలపను బొగ్గుగా మార్చి, ఆ కలపబొగ్గుతో ఖనిజాన్ని కరిగించేవారు. 1923 జనవరిలో ఉత్పత్తి మొదలయ్యేనాటికి మొదటి ప్రపంచ యుద్ధకాలపు గిరాకీ పోయి ఇనుము ధర పడిపోయింది. యంత్రాలు, వాటిని నడిపే నిపుణులు విదేశాలవారు. వారి వేతనాలు అధికం. రాజ్యపు ధనం కొలిమిలో కరిగిపోతున్నదని విమర్శలు చెలరేగాయి. కర్మాగారాన్ని మూసివేయడమే మేలన్నవారు కూడా ఉన్నారు. దానిని చక్కదిద్దే భారాన్ని ఆ సంవత్సరమే విశ్వేశ్వరయ్యకు అప్పగించారు.

ఆయన ఖర్చులు తగ్గించారు, యంత్రాలలోని లోపాలను సవరింపజేశారు, పోత గొట్టాల తయారీని ప్రవేశపెట్టారు. వీటన్నిటికన్నా కష్టమైన పని మనుష్యులను తయారు చేయడం. యువకులైన భారతీయ ఇంజనీర్లను విదేశీ నిపుణుల ప్రక్కన నిలిపి పని నేర్పించి, క్రమంగా బాధ్యతలను వారికే అప్పగించారు. కొలిమి వేడిని, ఖనిజంలోని మలినాలను, కూలీల పని వేళలను, లెక్కల పుస్తకంలోని నష్టాన్ని ఒకేసారి గమనించవలసిన చోట పట్టభద్రులు రెండవసారి విద్యార్థులయ్యారు. 1929లో ఆయన బాధ్యతను విడిచేనాటికి కర్మాగారం స్వదేశీయుల చేతుల మీదుగా నడుస్తున్నది.

ఆ పనికి తనకు రావలసిన పారితోషికాన్ని ఆయన స్వంతానికి తీసుకోలేదు. యువకులకు చేతివృత్తులను శాస్త్రీయంగా నేర్పే ఒక సంస్థకు ఆ ధనాన్ని వినియోగించవలసిందిగా కోరారు. ఇందులోని ఉద్దేశం తెలియాలంటే ఒక్కసారి ఆళ్లగడ్డ శిల్పశాలలను తలచుకోవాలి.

నంద్యాల నుండి కడప పోయే మార్గంలో ఉన్న ఆళ్లగడ్డ అహోబిల క్షేత్రానికి ద్వారం వంటిది. దేవతా విగ్రహాలను మలిచే శిల్పులకు అది ప్రసిద్ధి. అక్కడ కుర్రవాడు పెద్దవారి ప్రక్కన కూర్చుండి ముందుగా ఉలి పట్టడం నేర్చుకుంటాడు. రాయిని చదును చేయడం, గీత గీయడం, తాళమానం ప్రకారం అవయవాల కొలతలు తీయడం ఒకదాని తరువాత ఒకటి అలవడుతాయి. సుత్తి దెబ్బకు వచ్చే ధ్వనిని బట్టి రాతిలోని పగులును గుర్తించే విద్య పుస్తకంలో దొరకదు. గుడి కట్టేవారు కోరిన విగ్రహం, కోరిన కొలతకు, చెప్పిన గడువుకు సిద్ధం కావాలి గనుక ఆ చదువుకు పరీక్ష పెట్టేది కొనేవాడే. పని ద్వారా, కొనేవాని అవసరం ద్వారా సాగే విద్యకు ఇంతకన్నా మంచి ఉదాహరణ మన సీమలో లేదు.

అయితే ఇటువంటి విద్యకు హద్దులున్నాయి. అది ఎక్కువగా ఆ యింట పుట్టినవానికే దక్కుతుంది. కొత్త యంత్రం, కొత్త పదార్థం వచ్చినప్పుడు తండ్రి నేర్పినది సరిపోకపోవచ్చు. కళాశాల చదువుకు ఉన్న లోపం దీనికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. అక్కడ సూత్రం తెలుస్తుంది, రాయి పలికే ధ్వని తెలియదు. ఈ రెండింటి మధ్య వంతెన వేయడమే విశ్వేశ్వరయ్య తలపెట్టిన సంస్థ ఉద్దేశం. ఏ కులంలో పుట్టినవాడైనా ఏ వృత్తినైనా నేర్చుకోవచ్చు, నేర్చుకొనేటప్పుడు చిత్రలేఖనం, గణితం, శాస్త్రం కూడా తోడుగా ఉంటాయి. ఉద్యోగాలలో ప్రత్యేక అవకాశాన్ని అంగీకరించని ఆ మనిషే వృత్తివిద్య తలుపును ఇంత విశాలంగా తెరవాలని కోరడం గమనింపదగినది.

ఆ సంస్థ 1943లో బెంగుళూరులో ప్రారంభమయింది. దానికి తన పేరు పెట్టనీయక, మహారాజు పేరిట శ్రీ జయచామరాజేంద్ర వృత్తివిద్యా సంస్థగా ఏర్పాటు చేయించారు. ఛాయాగ్రహణం వంటి సరికొత్త వృత్తికి కూడా అక్కడ స్థానం దొరికింది. చలనచిత్రాలు ఎంత విస్తరిస్తున్నా కెమెరా పట్టేవానికి పాఠశాలలో శిక్షణ ఇవ్వాలన్న ఆలోచన నాడు అరుదు. తొలినాళ్లలోనే అక్కడ ఆ విద్య నేర్చి 1946లో డిప్లొమా పొందిన వి.కె. మూర్తి, హిందీ చలనచిత్రాలలో వెలుగునీడల చిత్రణకు పేరుపొంది, తరువాతి కాలంలో దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నారు. ఇనుప కర్మాగారంలో చెమటోడ్చి సంపాదించిన ధనం ఒక ఛాయాగ్రాహకుని చేతి నేర్పుకు ఆధారమైనదంటే ఆశ్చర్యంగానే ఉంటుంది.

నేడు నంద్యాలలో ప్రభుత్వ పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాలలు ఉన్నాయి. మన రాష్ట్రంలో పాలిటెక్నిక్ విద్యార్థులకు కర్మాగారాలలో ఆరు నెలల శిక్షణ పాఠ్యక్రమంలోనే భాగమైనది. ఏటా సెప్టెంబరు 15న విశ్వేశ్వరయ్య పటానికి పూలమాల వేసి ఇంజనీర్ల దినోత్సవం జరుపుతున్నాము. పూలమాల వేయడం సులువు. శిక్షణ కాలాన్ని ఒక ధ్రువపత్రం తెచ్చుకొనే తతంగంగా మార్చుకోవడం కూడా సులువే. బేతంచెర్లలో నాపరాతిని కోసే యంత్రం వద్ద ఒక నెల నిలబడితే రంపపు పళ్లు ఎందుకు అరిగిపోతున్నవో, ఆ ధూళి పనివాని ఊపిరితిత్తులకు ఏమి చేస్తున్నదో, వృథాగా పోయే రాతిముక్కలను ఏమి చేయవచ్చునో ఆలోచించక తప్పదు. సమీపంలోని పాణ్యం ప్రాంతం సిమెంటుకు, నంద్యాల బియ్యపు మిల్లులకు పేరు పొందాయి. విశ్వేశ్వరయ్య దృష్టిలో ఇవి కేవలం ఉద్యోగాలిచ్చే చోట్లు కావు, పాఠాలు చెప్పే చోట్లు.

1934లో ఆయన దేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థ అవసరమని వాదిస్తూ ఒక గ్రంథం వ్రాశారు. స్వాతంత్ర్యానంతరం పంచవర్ష ప్రణాళికలు రావడానికి అది ఎంతో ముందటి మాట. మన దేశంలోనే మోటారు వాహనాలు తయారు కావాలని పట్టుబట్టి, వృద్ధాప్యంలో విదేశాలకు వెళ్లి కర్మాగారాలను పరిశీలించి వచ్చారు. బ్రిటిషు ప్రభుత్వం ఆ ప్రయత్నానికి చేయూతనీయలేదు.

తొంబది యేండ్లు దాటిన తరువాత కూడా ఆయనను పని విడువలేదు, పనిని ఆయన విడువలేదు. బీహారులో గంగానదిపై రైలు, రోడ్డు వంతెనను ఎక్కడ నిర్మించాలన్న ప్రశ్నపై అభిప్రాయభేదాలు తలెత్తగా 1952లో ఆయన సలహా కోరారు. కాగితాలను తెప్పించుకొని ఇంటి వద్ద కూర్చుండి తీర్పు చెప్పగల వయస్సు, గౌరవం ఆయనకు ఉన్నాయి. ఆయన మాత్రం బయలుదేరి వెళ్లి స్థలాలను పరిశీలించి మొకామా వద్ద వంతెన కట్టవలసిందిగా సూచించారు. 1955లో భారతరత్న పురస్కారం ఆయనను వరించింది. 1959లో మొకామా వంతెన మీదుగా రాకపోకలు మొదలయ్యాయి. 1962 ఏప్రిల్‌లో, నూరేండ్లు దాటిన వయస్సులో ఆయన బెంగుళూరులో తుదిశ్వాస విడిచారు. అంత్యక్రియలు పుట్టిన ఊరైన ముద్దెనహళ్లిలో జరిగాయి.